జ్వరం తగ్గితే మలేరియా పోయినట్టేనా?

ఆరోగ్య సందేహాలు - వైద్యుని సమాధానాలు

ప్రశ్న: మావారు పాడేరు ఏజెన్సీలోని ఒక ఆశ్రమ పాఠశాలలో ఉపాధ్యాయులు. శ్రావణంలో ఆయనకు వైవాక్స్ మలేరియా వచ్చింది. క్లోరోక్విన్ మూడు రోజులు వేసుకునేసరికి జ్వరం తగ్గింది. దానితోపాటు పధ్నాలుగు రోజులు వాడమని ఇచ్చిన ప్రైమాక్విన్ బిళ్ళలను మాత్రం కడుపులో మంటగా ఉందని నాలుగో రోజుకే మానేశారు. సంక్రాంతి సెలవులకు విశాఖపట్నం వచ్చాక మళ్ళీ అదే చలి, అదే వణుకు. ఇక్కడ మా ఇంట్లో దోమలు దాదాపు లేవు. మరి ఎలా వచ్చింది? మా పాపకు మూడో నెల. తండ్రి పక్కన పడుకోబెడితే అంటుకుంటుందా?
- ఒక పాఠకురాలు, విశాఖపట్నం

జవాబు: కొత్త దోమ కుట్టకపోయినా వైవాక్స్ మలేరియా తిరగబెట్టగలదు. ఆనాఫిలిస్ జాతి ఆడదోమ కుట్టినప్పుడు శరీరంలో చేరిన పరాన్నజీవులు మొదట కాలేయానికి వెళ్తాయి. అక్కడ పెరిగి రక్తంలోకి వచ్చి ఎర్రకణాలను పగలగొట్టినప్పుడే మనకు చలి, వణుకు, జ్వరం, చెమటలు వరుసగా కనిపిస్తాయి. అయితే వైవాక్స్ రకంలో కొన్ని పరాన్నజీవులు కాలేయంలోనే నిద్రాణంగా ఉండిపోయి, కొన్ని వారాల తరువాతో, నెలల తరువాతో, ఒక్కోసారి ఏడాది దాటిన తరువాతో మేల్కొంటాయి. క్లోరోక్విన్ రక్తంలో ఉన్నవాటిని చంపుతుంది కానీ కాలేయంలో నిద్రించే వాటిని తాకలేదు. ఆ పని ప్రైమాక్విన్‌ది. మీవారు సరిగ్గా ఆ మందునే మధ్యలో ఆపేశారు కనుక, ఇది పాత జబ్బు తిరగబెట్టడమే కావచ్చు.

అలాగని ఇంట్లో మిగిలిన బిళ్ళలు తీసి వేసుకోవద్దు. ఈసారి వచ్చింది వైవాక్సో, మలేరియాలోనే మరో రకమైన ఫాల్సిపారమో, అసలు మలేరియా కాని మరో జ్వరమో రక్తపరీక్ష చేస్తే తప్ప తెలియదు. ఫాల్సిపారం అయితే చికిత్స వేరు, ప్రమాదమూ వేరు. అది మెదడుకు, మూత్రపిండాలకు పాకితే రోగి ఒకటి రెండు రోజుల్లోనే ప్రాణాపాయంలో పడవచ్చు. ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా ప్రకారం 2023లో మలేరియాతో ప్రపంచవ్యాప్తంగా దాదాపు 6 లక్షల మంది చనిపోయారు. వారిలో అత్యధికులు ఆఫ్రికా ఖండంలోని వారు, అందులోనూ ఐదేళ్ళ లోపు పసివాళ్ళు. ఆ మరణాలలో ఎక్కువ భాగానికి కారణం ఈ ఫాల్సిపారమే.

వైవాక్స్ అని తేలితే ప్రైమాక్విన్ మళ్ళీ మొదటి నుంచి పూర్తిగా వాడవలసి ఉంటుంది. పరగడుపున కాకుండా అన్నం తిన్న తరువాత వేసుకుంటే కడుపుమంట చాలావరకు ఉండదు. ఈ సంగతి మందు ఇచ్చేటప్పుడే చెప్పి ఉంటే ఎందరో మధ్యలో మానేవారు కాదని నా అభిప్రాయం. జీ6పీడీ అనే ఎంజైము లోపం ఉన్నవారికి ఈ మందు పడదు, ఎర్రకణాలు చితికిపోతాయి. అందువల్ల వీలైతే ముందుగా ఆ పరీక్ష చేయించాలి. మందు వాడుతుండగా మూత్రం నల్లగా వచ్చినా, కళ్ళు పచ్చబడినా, ఆయాసం వచ్చినా వెంటనే ఆపి ఆసుపత్రికి వెళ్ళాలి. గర్భిణులకు, ఏడాది నిండని పిల్లలకు దీనిని ఇవ్వరు.

పాప విషయంలో భయపడవద్దు. తాకడం వల్ల గానీ, పక్కన పడుకోవడం వల్ల గానీ, తల్లిపాల వల్ల గానీ మలేరియా రాదు. ఆయనను కుట్టిన దోమ మరొకరిని కుడితే రావచ్చు, అదీ ఆ దోమలో పరాన్నజీవి ఎదగడానికి పట్టే పది, పదిహేను రోజుల తరువాత. కాబట్టి పాపతోపాటు ఆయన కూడా దోమతెరలోనే పడుకోవాలి. జ్వరపడిన మనిషికి తెర ఎందుకని చాలామంది అనుకుంటారు కానీ, ఊరిని కాపాడేది ఆ తెరే.

ప్రశ్న: మా ఊళ్ళో ఏటా గోడలకు మందు కొడతారు. అయినా జ్వరాలు ఆగడం లేదు. కొట్టించుకోవడం దండగ అని మా వాళ్ళు అంటున్నారు. నిజమేనా?
- ఒక పాఠకుడు, రంపచోడవరం

జవాబు: దండగ కాదు, కానీ రెండు సంగతులు గమనించండి. రక్తం తాగిన దోమ బరువుతో ఎక్కువ దూరం ఎగరలేక దగ్గరి గోడ మీద వాలుతుంది. అక్కడి మందు దాన్ని చంపుతుంది. పండుగ వస్తోందని ఆ గోడనే మట్టితో మెత్తి, పేడతో అలికితే మందు అడుగున పడిపోతుంది. కనుక అలుకుడు పని ముందే ముగించి, మందు కొట్టించిన తరువాత కొన్ని నెలలు గోడలను కదపకండి. పడక గదిని వదిలేసి వసారాకు మాత్రమే కొట్టించుకోవడం వల్ల కూడా ఫలితం ఉండదు. రెండోది, పోడు చేనుకు కాపలాగా మంచె మీద పడుకునే రాత్రులలో ఇంటి గోడ మందు మిమ్మల్ని కాపాడలేదు. ఇంటికి ఇచ్చిన మందు పూసిన దోమతెరను చేనికీ తీసుకువెళ్ళండి. ఆ తెరలను చేపలు పట్టడానికి, కోళ్ళ మీద కప్పడానికి వాడుతున్న ఇళ్ళను నేను చూశాను.

ఆగిందనుకున్న మలేరియా మళ్ళీ పెరగడం మన దేశానికి కొత్త కాదు. 1950లలో డీడీటీ చల్లి దేశవ్యాప్తంగా చేసిన కృషి వల్ల 1961 నాటికి కేసులు 50 వేల దరికి పడిపోయాయి. తరువాత దోమలు మందుకు అలవాటుపడటం, పరాన్నజీవి క్లోరోక్విన్‌కు లొంగకపోవడం, అన్నిటికీ మించి ఇక జబ్బు లేదన్న ధీమాతో నిఘా సడలడం కలిసి 1976లో 64 లక్షల కేసులు నమోదయ్యాయి. మీ ఊరి వాళ్ళు మందు వద్దనే ముందు ఈ రెండు అంకెలను వారికి చెప్పండి.

ప్రశ్న: హైదరాబాదులో ఉన్నవారికి మలేరియా భయం అవసరమా?
- ఒక పాఠకురాలు, సికింద్రాబాదు

జవాబు: మీ ఊరే దీనికి మొదటి సాక్షి. బ్రిటిష్ సైనిక వైద్యుడు రోనాల్డ్ రాస్ 1897 ఆగస్టు 20న మలేరియా పరాన్నజీవిని దోమ కడుపులో చూసింది సికింద్రాబాదులోనే. ఇప్పుడు నగరంలో కేసులు తక్కువే అయినా, ఆనాఫిలిస్ స్టీఫెన్సీ అనే దోమ మూతలేని ఓవర్‌హెడ్ ట్యాంకులలో, బావులలో, నిర్మాణంలో ఉన్న భవనాల నీటి తొట్లలో గుడ్లు పెడుతుంది. డెంగ్యూ దోమ పగలు కుడితే ఇది రాత్రివేళ కుడుతుంది. ట్యాంకుకు మూత వేయించండి. ఏజెన్సీ ప్రాంతాలకు గానీ, ఒడిశా, ఛత్తీస్‌గఢ్ అడవులకు గానీ వెళ్ళి వచ్చిన తరువాత జ్వరం వస్తే, ఆ ప్రయాణం సంగతి వైద్యునికి ముందుగా చెప్పి రక్తపరీక్ష అడగండి.