పిప్పరమెంటు ఏ గడిలో పడుతుంది?

చి. శిరీషకు ఆశీస్సులు.

నీ వ్యాసం రెండుసార్లు చదివాను. నడక బాగుంది. కానీ "ఈ-సిగరెట్లలో 7,764 రుచులున్నాయి" అన్న మొదటి ముక్క దగ్గరే ఎర్ర పెన్ను తీయాల్సి వచ్చింది. అంకె సరైనదే. 2014 జనవరి నాటికి ఆన్‌లైన్‌లో ఉన్న 466 బ్రాండ్లను గాలించి అమెరికా పరిశోధకులు తేల్చిన లెక్క అది. అయితే వాళ్లు లెక్కపెట్టింది అమ్మేవాళ్లు పెట్టిన పేర్లను. మూత తీసి వాసన చూసి తేల్చింది కాదు. "ఇన్ని పేర్లతో అమ్ముతున్నారు" అని రాస్తే నిజం. "ఇన్ని రుచులున్నాయి" అంటే అది నీ సొంత కవిత్వం.

నేనూ ఇలాగే బోల్తా పడ్డాను. చాలా ఏళ్ల కిందట ఒక పత్రికకు రాస్తూ పుదీనా జాతి మొక్క పెప్పర్‌మింట్ అనాల్సిన చోట 'పిప్పరమెంటు' అనేశాను. ఒక పెద్దాయన కార్డు ముక్క రాశారు: "పిప్పరమెంటంటే ఏ బిళ్ల బాబూ? నిమ్మదా, నారింజదా?" ఆయన అడిగింది న్యాయమే. మన ఊళ్లలో చప్పరించే బిళ్ల ఏదైనా పిప్పరమెంటే, పుదీనా ఘాటు ఉండాలనేం లేదు. ఒక్క మాటలో రెండు గడులు, అంటే రెండు రకాలు, కలిపేశాను.

పరిశోధకుల తిప్పలూ ఇవే. స్ట్రాబెర్రీ చీజ్‌కేక్‌ని ఒకరు పండ్లలో వేస్తారు, ఇంకొకరు డెజర్ట్‌లలో. ఇక కుర్రాళ్లు దేనికి మొగ్గుతున్నారో ఇద్దరూ చెరో అంకె చెబితే, ఆ రెండింటినీ పక్కపక్కన పెట్టి చూడడానికి లేదు. ఈ గందరగోళం తీర్చడానికే 2018లో నెదర్లాండ్స్ ప్రజారోగ్య సంస్థ, వాగెనింగన్ విశ్వవిద్యాలయం పరిశోధకులు పాత పరిశోధన పత్రాలు వడగట్టి, వైన్ రుచి చూసేవాళ్ల దగ్గరుండే ఫ్లేవర్ల చక్రం లాంటిదే ఒకటి గీశారు. లోపలి వలయంలో 13 గడులు, బయటి వలయంలో 90. పొగాకు, పండ్లు, కాఫీ-టీ, మసాలా దినుసులు, మద్యం, ఇలా. తీపికే మూడు గడులు పట్టాయి మరి: డెజర్ట్, క్యాండీ, ఇతర తీపి.

దీన్ని నువ్వు ఒక్క వాక్యంలో దాటేశావు. అక్కడే కాసేపు కూర్చోవాల్సింది. ఆ చక్రంలో మెంథాల్ (పుదీనాలో చల్లదనం తెచ్చే పదార్థం), పుదీనా ఒకే గడి. 2020 జనవరిలో అమెరికా ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ, కార్ట్‌రిడ్జ్ (ద్రవం నింపిన చిన్న డబ్బీ) పెట్టి వాడే ఈ-సిగరెట్ల మీద చర్యలు ప్రకటించినప్పుడు పొగాకునీ మెంథాల్‌నీ వదిలేసి, పుదీనాను మాత్రం పండ్లతోపాటు పట్టుకుంది. గీత సరిగ్గా ఆ గడి నడుమ నుంచే పోయింది! నీ వ్యాసం అక్కడ మొదలై ఉంటే నేను టీ చల్లారేదాకా చదివేవాణ్ణి.

ఇక 'మ్యాంగో ఐస్' అనే పేరుతో అమ్మే ఈ-సిగరెట్ ఫ్లేవర్ సంగతి. ఇలాంటి వాటిలో డబ్ల్యూఎస్-23 లాంటి రసాయనాలు వేస్తారు. గొంతుకు చల్లగా తగులుతుంది, పుదీనా వాసన మాత్రం రాదు. మామిడి గడా, మెంథాల్ గడా? పేరు చూస్తే ఒకటి, ముక్కుతో చూస్తే ఒకటి, ల్యాబ్‌లో చూస్తే ఇంకొకటి. పొగాకు ఫ్లేవర్ అని అట్టమీద రాసిన వాటిలోనూ వెనిలిన్, ఇథైల్ మాల్టాల్ లాంటి తియ్యటి వాసన సరుకు దొరుకుతుంది. కాబట్టి ఏ పరిశోధన గురించి రాసినా, వాళ్లు దేన్ని చూసి గడి కట్టారో ముందు కనుక్కో. అది చెప్పకుండా శాతాలు రాయకు.

'రుచి' అన్న మాట కొట్టేశాను. ఏలక్కాయ బిళ్ల నోట్లో వేసుకుని ముక్కు మూసుకో, తీపి తప్ప ఏమీ తెలియదు. ముక్కు వదలగానే ఏలకులు వస్తాయి. 'పరిమళం' అని రాస్తే అగరుబత్తి ప్రకటనలా ఉంటుంది. ఐస్‌క్రీమ్ బండి దగ్గర "ఏ ఫ్లేవర్ కావాలి?" అనే అడుగుతాం కదా, అదే ఉంచు.

అన్నట్టు, "స్వయంగా వాడి చూసి రాయనా?" అని అడిగావు. వద్దమ్మా. 2019 చట్టంతో మన దేశంలో వీటి తయారీ, అమ్మకం, దిగుమతి అన్నీ నిషేధం, పైగా నికోటిన్‌తో ప్రయోగాలేంటి? పత్రాలు చదివి రాయి చాలు.

నీ రెండో పేజీ పట్టికలో పేరు, వాసన, దినుసు అని మూడు నిలువు గడులు గీసి, అవే ఇరవై పేర్లు మళ్లీ నింపి పంపు. మ్యాంగో ఐస్‌ని ఎక్కడ పెడతావో చూస్తాను.

ఉంటాను,
మీ మాస్టారు