గుండెపోటుకు 108 ప్రత్యేక అంబులెన్సును పంపుతుందా?

గుండెపోటుకంటూ వేరే వాహనం ఉండదు. 2005 ఆగస్టు 15న హైదరాబాద్‌లో మొదలైన 108 సేవలో ఇప్పుడు ప్రధానంగా రెండు రకాల వాహనాలున్నాయి. బేసిక్ లైఫ్ సపోర్ట్ వాహనంలో ఆక్సిజన్, ప్రథమ చికిత్స సామగ్రి ఉంటాయి. అడ్వాన్స్‌డ్ లైఫ్ సపోర్ట్ వాహనంలో వీటికి తోడు వెంటిలేటర్, గుండె లయను గీతలుగా చూపే మానిటర్, లయ తప్పి అదిరే గుండెకు షాక్ ఇచ్చే డీఫిబ్రిలేటర్ కూడా ఉంటాయి. గుండెపోటుకు కావలసింది ఈ రెండోదే.

చిక్కంతా సంఖ్య దగ్గరే. జాతీయ ఆరోగ్య మిషన్ ప్రమాణం ప్రకారం మొదటి రకం లక్ష జనాభాకు ఒకటి, రెండోది 5 లక్షలకు ఒకటి. 2020 జూలై 1న ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం విజయవాడలో ప్రారంభించిన కొత్త 108 వాహనాల్లో బేసిక్ రకానివి 282, అడ్వాన్స్‌డ్ రకానివి 104. అందుకే ఫోన్‌లో "ఒంట్లో బాగాలేదు" అని ఊరుకోవద్దు. "ఛాతీ మధ్యలో బరువు, నొప్పి ఎడమ చేతికి పాకుతోంది, ఒళ్లంతా చెమటలు" అని విడమరచి చెప్పండి. ఏ వాహనం పంపాలో నిర్ణయించేది ఆ మాటలే.

నా అభిప్రాయంలో ప్రభుత్వం వాహనాలను లెక్కపెట్టి ఆగిపోకూడదు. రక్తనాళంలో అడ్డుపడిన గడ్డను కరిగించే టెనెక్టెప్లేస్ లాంటి ఇంజెక్షన్ ఎంత తొందరగా పడితే గుండె కండరం అంత మిగులుతుంది. దగ్గరలోని ప్రాంతీయ ఆసుపత్రిలో ఈసీజీ తీసి, దాన్ని నగరంలోని గుండె నిపుణుడికి ఫోన్‌లో పంపి, ఆయన చెప్పగానే అక్కడే ఇంజెక్షన్ ఇచ్చే ఏర్పాటు ప్రతి మండలానికీ అందుబాటులో ఉండాలి. ఆ తర్వాతే పెద్దాసుపత్రికి ప్రయాణం.