ఊళ్ళకి అక్కచెల్లెళ్ళా?

ప్రశ్న: అయ్యా, మా అమ్మాయి పురుటికని సియాటెల్ వెళ్ళి ఆర్నెల్లు ఉండి వచ్చాను. అక్కడ చైనా టౌన్‌లో కొండవాలు మీద ‘కోబే టెర్రస్’ అని ఒక పార్కు ఉంది. అమెరికా పార్కుకు జపాన్ ఊరి పేరేమిటని అడిగితే మా అల్లుడు "సిస్టర్ సిటీ అత్తయ్యా" అన్నాడు. ఊళ్ళకి అక్కచెల్లెళ్ళేమిటండీ?
– ఒక పాఠకురాలు, కొర్లగుంట, తిరుపతి

జవాబు: తిరుపతిలో ఉంటూ మీరే ఈ మాట అడిగితే ఎలాగమ్మా! తాతయ్యగుంట గంగమ్మ కొండమీది స్వామికి చెల్లెలనీ, ఏటా జాతరకు కొండ నుంచి సారె వస్తుందనీ మీకు నేను చెప్పాలా? అక్కడా సుమారుగా అంతే. కాకపోతే ఆ చుట్టరికం యుద్ధం చల్లారాక కలుపుకున్నది.

1945లో కోబే మీద నిప్పులు కురిపించిన బీ-29 విమానాలు సియాటెల్‌లో పుట్టిన బోయింగ్ కంపెనీవి. 1956లో అధ్యక్షుడు ఐసెన్‌హోవర్ (ఆయనా యుద్ధంలో సేనాపతిగా చేసినవాడే) దేశదేశాల మామూలు జనం ఒకరికొకరు తెలియాలని ఒక కార్యక్రమం మొదలుపెట్టాడు. వేర్వేరు దేశాల ఊళ్ళు ఇలా జతకట్టి స్నేహం కలుపుకుంటే వాటిని సిస్టర్ సిటీలంటారు. మరుసటేడే సియాటెల్, కోబే సిస్టర్ సిటీలయ్యాయి. మీరు చూసిన పార్కు చుట్టుపక్కల ఒకప్పుడు జపాన్ వాళ్ళ పేట ఉండేది. 1942లో, జపాన్‌తో యుద్ధమని, అమెరికా ప్రభుత్వం వాళ్ళ చేత ఇళ్ళు ఖాళీ చేయించి క్యాంపులకు తరలించింది. ఇప్పుడక్కడ కోబే పేరు.

మా అబ్బాయి దగ్గరకు వెళ్ళినప్పుడు నేనూ ఆ పార్కు ఎక్కాను. మోకాళ్ళు పట్టేశాయి. పక్కనే హైవే, ఒకటే హోరు. పైన ఒక రాతి కట్టడం కనిపిస్తే తులసికోట అనుకుని చెప్పులు విప్పబోయాను, మా వాడు నవ్వాడు. అది దీపస్తంభమట. పొట్టి కాళ్ళు, వాటి మీద దీపం గూడు, ఆ పైన గొడుగంత వెడల్పు రాతి కప్పు. ఆ రకం దీపాన్ని జపాన్ వాళ్ళు ‘యుకిమి’ దీపం అంటారు. యుకిమి అంటే మంచును చూడటం. కురిసిన మంచు ఆ కప్పు మీద పేరుకుంటే చూసి మురవడానికి అలా చెక్కుతారు. నాలుగు టన్నుల బరువు, రెండువందల ఏళ్ళ వయసు. 1976లో కోబే వాళ్ళు పంపిన సారె అది!

మనవడి పుట్టినరోజుకు మళ్ళీ వెళ్తారుగా, అదే ఊళ్ళో క్యాపిటల్ హిల్‌లో తాష్కెంట్ పార్కు కూడా చూడండి. మన లాల్ బహదూర్ శాస్త్రిగారు కన్నుమూసిన తాష్కెంటే. 1973లో అది కూడా సియాటెల్‌కు చెల్లెలైంది. అమెరికా, సోవియట్ ఊళ్ళ మధ్య అలాంటి చుట్టరికం అదే మొదటిది. ఆ పార్కు చిన్నదే, మెట్టెక్కే పని తక్కువ.