కేఆర్200లో రివర్స్ ఉండేది తాళంచెవి దగ్గర

కేఆర్200 అనే పాత మూడు చక్రాల బుల్లి కారులో రివర్స్ గేర్ దొరకట్లేదని అడిగారు కదా. మీరు గేర్ లివర్ దగ్గర వెతుకుతున్నారు, అందుకే దొరకట్లేదు. మీ జర్మన్ ఫ్రెండ్ ఇచ్చిన మెస్సర్‌ష్మిట్ కేఆర్200 గేర్‌బాక్స్‌లో ముందుకు వెళ్లే నాలుగు గేర్లే ఉంటాయి. వెనక్కి వెళ్లాలంటే ఇంజిన్‌నే తిరగేసి తిప్పాలి. అది 191 సీసీ టూ స్ట్రోక్ ఇంజిన్ (సాక్స్ కంపెనీది), ఎటైనా తిరుగుతుంది.

1. బండి ఆపి న్యూట్రల్ చేయండి.

2. ఇంజిన్ ఆపేయండి. అందరూ తప్పేది ఇక్కడే. నడుస్తున్న ఇంజిన్ మీద తాళంతో ఎంత కుస్తీ పట్టినా దిశ మారదు. చప్పుడు పూర్తిగా ఆగాలి.

3. తాళంచెవిని మామూలుకన్నా ఇంకాస్త లోపలికి నొక్కి స్టార్ట్ చేయండి.

4. ఫస్ట్ గేర్, మెల్లగా. నాలుగు గేర్లూ వెనక్కి పనిచేస్తాయి, కానీ సరదాకి కూడా రెండోది వేయకండి.

5. ముందుకు కదిలేముందు మళ్లీ ఆపి, మామూలుగా స్టార్ట్ చేయండి. ఇది మరిచి క్లచ్ వదిలారో, వెనక గోడే!

దీని పారదర్శక పైకప్పు యుద్ధ విమానాల మిగులు అద్దాలతో చేశారా అని కూడా అడిగారు. కాదండీ, అది పుకారే. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత జర్మనీలో విమానాల తయారీపై నిషేధం ఉండటంతో, విమాన కంపెనీ మెస్సర్‌ష్మిట్ కార్ల వైపు మళ్లింది. ఇంజినీర్ ఫ్రిట్జ్ ఫెండ్ డిజైన్‌తో 1953లో రెగెన్స్‌బర్గ్‌లో దీని ముందు మోడల్ కేఆర్175 మొదలైంది. అంతకుముందు ఆయన వికలాంగుల కోసం మూడు చక్రాల బండ్లు చేసేవారు. కేఆర్200 వచ్చింది 1955లో. మరుసటి ఏడే విమానాలకు అనుమతి రావడంతో మెస్సర్‌ష్మిట్ తప్పుకుంది. ఫెండ్ ఎఫ్ఎంఆర్ అనే కంపెనీ పేరుతో కేఆర్200 తయారీని 1964 దాకా నడిపారు. మీ బండి మీద ఎఫ్ఎంఆర్ అని ఉంటే కంగారు పడకండి, నకిలీ కాదు.