మెడ నొయ్యకున్నా మెడ నరమే కావొచ్చు: మేనకోడలికి ఒక ఉత్తరం

బిడ్డా,

ఫోన్ల నువ్వు చెప్పినవన్నీ రాసి పెట్టుకున్న. ఎడమ రొమ్ము మీద గుంజుడు, వీపు రెక్కల నడుమ సలుపు, నడిమి వేలు మొద్దుబారుడు, కత్తెర పడితే పట్టు జారుడు. మీ అత్తమ్మ గుండె అంటున్నది, పక్కింటామె పక్షవాతం అంటున్నది, ఆర్‌ఎంపీ గ్యాస్ అని గోళీ ఇచ్చిండు. మెడ మాట ఎవ్వరూ ఎత్తలేదు. నీకు మెడ నొస్తలేదు కాబట్టి ఎత్తరు కూడా. ఇన్నేండ్లు ఫిజియోథెరపీ చేసినోణ్ణి, నాకు మాత్రం మొదటి అనుమానం అక్కడనే.

గుండె సంగతి ముందు తేల్చుకున్నవు, మంచి పని చేసినవు. ఈసీజీ, రక్త పరీక్ష రెండూ బాగున్నయన్నరు. అట్లని ధీమాగ ఉండకు. నడిస్తే నొప్పి ఎక్కువైనా, చెమటలు పట్టినా, దమ్ము ఆడకపోయినా "మామ మెడ అన్నడు" అని కూచోవద్దు, 108కి ఫోన్ చెయ్యి.

మెడల 7 పూసలు, వాటి సందుల నుంచి బయటికొచ్చే నరాలు 8 జతలు. స్టార్టర్ డబ్బా కాడ వైరు నలిగితే పొలం అవతల బోరు మోటారు ఆగిపోతది. నువ్వు మోటారు ఎంత విప్పి చూసినా లాభం లేదు. ఇదీ గంతే. 5వ నరం నలిగితే జబ్బ ఎత్తరాదు. 6వది బొటనవేలు, చూపుడువేలు. 7వది నడిమి వేలు, రెట్ట వెనక కండ. ఎక్కువమందికి నలిగేది ఇదే, నీది కూడ ఇదే తీరు కనిపిస్తున్నది. 8వది ఉంగరం వేలు, చిటికెన వేలు, పిడికిలి పట్టు. రొమ్ము కండకు పోయే నరాలు కూడ మెడ నుంచే బయలుదేరుతయి, అందుకే అది గుండెనొప్పి తీరు భయపెడతది. వీపు రెక్క నడుమ సలుపు అయితే చాలామందికి చెయ్యి గుంజకముందే మొదలైతది. వాళ్లంతా ఆ జాగల జండూబామ్ రాసుకుంటనే నెలలు గడిపేస్తరు. కొందరికి అసలు నొప్పే ఉండదు, బిందె ఎత్తబోతే రెట్ట లొంగిపోతది. నొప్పి లేదని సంబరపడేటిది కాదది. నొప్పికన్నా బలం తగ్గుడే నాకు భయం.

ఇంట్ల ఒకటి చూసుకో. నొస్తున్నప్పుడు ఆ చెయ్యి లేపి అరచెయ్యి నెత్తి మీద పెట్టుకో. కాసేపట్ల హాయి అనిపిస్తే మెడ నరం మీదనే అనుమానం పెరుగుతది. జబ్బ కీలు పట్టేసినోళ్లకు చెయ్యి లేపితే ఇంకింత నొస్తది. రాత్రి నిద్రల వేళ్లు తిమ్మిరెక్కి, చెయ్యి విదిలిస్తే తగ్గుతుంటే మణికట్టు కాడ నరం కూడ నొక్కుకుంటుండొచ్చు. కుట్టుపని చేసేటోళ్లల అది ఉంటది, రెండూ కలిసి కూడ ఉంటయి. తేల్చడానికి నరాల పరీక్ష ఉన్నది. షుగరు, థైరాయిడ్, బీ12 కూడ చూపించు.

ఇంకొక సంగతి, నువ్వు మర్రిగూడ దిక్కు పుట్టి పెరిగినవు కాబట్టి రాస్తున్న. చిన్నప్పటి నుంచి ఫ్లోరైడు నీళ్లు తాగినోళ్లకు బొక్కలే కాదు, వెన్నుపూసలను పట్టి ఉంచే పట్టీలు కూడ గట్టిపడి, నరాలు పోయే దారి ఇరుకైతది. మెడ అటూ ఇటూ తిరగక, మనిషే తిరిగి చూసేటి ముసలోళ్లను నువ్వూ చూసినవు. డాక్టరుకు ఊరి పేరు, తాగిన నీళ్లు తప్పక చెప్పు, ఎక్స్‌రే చూసే కన్నే మారుతది. లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటితే ఆ నీళ్లు తాగరాదు. కాచినంత మాత్రాన ఫ్లోరైడు పోదు. మిషన్ భగీరథ నల్లా నీళ్లు ఇంటికి వస్తున్నయి గదా, రుచి అని బోరునీళ్లు తాగకుర్రి.

గుండీలు పెట్టుకోరాకపోయినా, నడకల కాళ్లు తడబడినా, మెడ వంచితే వీపులకు కరెంటు కొట్టినట్టైనా, ఒంటేలు ఆపుకోలేకపోయినా అది నరంతో ఆగక వెన్నుపాము దాకా పోయిండొచ్చు. అప్పుడు కసరత్తు, మాలీషు ఏమీ వద్దు, తెల్లారేదాకా ఆగకుండ పెద్దాసుపత్రికి రావాలె.

లేకుంటే తొందర పడొద్దు. చాలామందికి 6 నుంచి 12 వారాలల్ల కోత లేకుండనే తగ్గుతది. నొప్పి గోళీలు అన్నం తిన్నంక, అది కూడ బీపీ, కిడ్నీ బాగున్నయో లేదో డాక్టరు చూసి చెప్పినన్ని దినాలే. నరాల గోళీ, ప్రీగాబలిన్ అసొంటిది రాస్తే మత్తొస్తది. స్కూటీ నడపకు, నీ అంతట నువ్వు ఒక్కసారిగ బంద్ చెయ్యకు. మెడకు కట్టే కాలర్ పట్టీ ఒకటి రెండు వారాలు మించొద్దు, మెడ కండలు బలం తప్పుతయి. మంగలి షాపుల మెడ పటపటమనిపిస్తే హాయి అని అల్లుడు అంటుండొచ్చు. వద్దంటే వద్దు.

నొప్పి కొంచెం అణిగినంక గోడకు వీపు ఆనించి కూచో. చూపు నేరుగ పెట్టి, తల వంచకుండ గదువ వెనక్కి జరిపి 5 సెకన్లు ఉండు. 10 సార్లు, పొద్దున మాపు. నొప్పి వేళ్ల దిక్కు పాకితే ఆపు. వేళ్ల నుంచి పైకి, మెడ దిక్కు జరిగితే మెడ కొంచెం ఎక్కువ నొచ్చినా అది మంచి గుర్తే. పెండ్లిళ్ల సీజనని తెలుసు గని మగ్గం వర్కు బ్లౌజులు కొన్ని నాళ్లు ఒప్పుకోకు. మిషను కాడ అరగంటకోసారి లెవ్వు. రెండు మెత్తలు పెట్టుకునే అలవాటు మానుకో.

ఎమ్మారై మొదటి దినమే అక్కరలేదు. గని కత్తెర పట్టు జారుతున్నదన్నవు చూడు, దాని కోసమన్న నరాల డాక్టరుకు ఈ వారమే చూపించు, ఆయన తీయమంటే తీపించు. రిపోర్టుల "డిస్క్ బల్జ్", అంటే పూసల నడుమ ఉండే గద్దె ఉబ్బింది అని ఉంటే గుండె జారిపోనియ్యకు. ఏ నొప్పీ లేనోళ్ల మెడలల్ల కూడ అది కనిపిస్తది. బలం రోజురోజుకు తగ్గినా, వారాలు గడిచినా నొప్పి నిద్రపోనియ్యకున్నా అప్పుడు నరం మొదట్ల సూది, లేకుంటే ఆపరేషను. మెడ ముందు నుంచి పోయి పాడైన డిస్కు తీసి పూసలను కలుపుతరు. పేరు వింటే భయమైతది గని చేయి తిరిగిన డాక్టర్లు చేస్తున్న పనే. ఆరోగ్యశ్రీల వస్తదా అని దవాఖానల ఆరోగ్యమిత్రను ముందుగాల్నే అడుగుర్రి.

నల్గొండకు వచ్చేటప్పుడు రాత కాయితం ఒక్కటే కాదు, ఫిల్ములు కూడ తే. బస్సుల కుట్టుకుందామని గుడ్డలు సంచిల వేసుకొని రాకు.

మీ మామ