పక్షవాతంలో నైట్రిక్ ఆక్సైడ్ మేలు చేస్తుందా, కీడు చేస్తుందా?

రెండూ చేస్తుంది: రక్తనాళాల లోపలి పొరలో పుట్టే నైట్రిక్ ఆక్సైడ్ (శరీరం తయారుచేసుకునే ఒక వాయువు) మెదడును కాపాడుతుంది, రక్తం అందని నాడీకణాల్లో మితిమీరి పుట్టేది ఆ కణాలనే చంపుతుంది.

మొదటిది నాళాన్ని సడలించి, ప్లేట్‌లెట్లు గుంపుకట్టకుండా చూస్తుంది. రక్తపు గడ్డ అడ్డుపడి ఆక్సిజన్ ఆగినప్పుడు మాత్రం గ్లుటమేట్ (నాడీకణాల మధ్య సంకేతాలు మోసే రసాయనం) పేరుకుపోయి, దాని ప్రభావంతో నాడీకణాల్లోకి కాల్షియం చొరబడి, అక్కడి ఎంజైము అదుపు లేకుండా నైట్రిక్ ఆక్సైడ్‌ను తయారుచేస్తుంది. అది సూపరాక్సైడ్‌తో (ఆక్సిజన్ నుంచి పుట్టే, హాని చేసే చురుకైన రూపం) కలిసి పెరాక్సీనైట్రైట్‌గా మారి కణపొరల కొవ్వును, ప్రోటీన్లను, డీఎన్ఏను దెబ్బతీస్తుంది. అసలు హంతకుడు ఎక్కువగా ఈ పెరాక్సీనైట్రైటే.

ఉదాహరణకు, భూపాలపల్లి వైపు ఒక పల్లెలో తెల్లవారుజామున మూతి వంకరపోయి, చెయ్యి పడిపోయిన మనిషికి పసరు పోయించి, మధ్యాహ్నం దాటాక వరంగల్ ఆసుపత్రికి తెచ్చారనుకుందాం. గడ్డను కరిగించే ఇంజెక్షన్ సాధారణంగా లక్షణాలు మొదలైన 4.5 గంటల లోపే ఇస్తారు. ఆలస్యమయ్యాక రక్తం తిరిగి పారితే, దానితో వచ్చిన ఆక్సిజన్ వల్ల సూపరాక్సైడ్, దాని వెంట పెరాక్సీనైట్రైట్ ఒక్కసారిగా పెరిగి, అప్పటికే బలహీనపడిన నాళాల గోడలను ఇంకా దెబ్బతీస్తాయి. మెదడులో రక్తస్రావమయ్యే ముప్పు పెరగడానికి ఇదొక కారణం.

బీట్‌రూట్ రసం నైట్రిక్ ఆక్సైడ్‌ను పెంచుతుంది కాబట్టి పక్షవాతం వచ్చిన వెంటనే తాగించాలనుకోవడం అపోహ. రక్తపోటును అది కొంత తగ్గించవచ్చు గాని గడ్డను కరిగించదు. పైగా మింగలేని స్థితిలో ఉన్న రోగికి ఏ రసం పోసినా ఊపిరితిత్తుల్లోకి పోవచ్చు.