తాతగారి వ్యాసం నువ్వు రాయకు, రాయించు

తల్లీ,

నువ్వు పంపిన డ్రాఫ్టు మొత్తం చదివాను. తాతగారి గురించి తెలుగు వికీపీడియాలో ఒక వ్యాసం ఉండాలన్న నీ కోరిక న్యాయమైనదే. ఊరూరా తిరిగి కాంట్రాక్టు నాటకాలాడిన ఆ తరం పద్యనటుల కోసం ఇవాళ వెతికితే చాలామందికి ఒక పేరా కూడా దొరకదు, ఆ లోటు నాకూ బాధగానే ఉంటుంది. అయినా సూటిగా చెప్తున్నా, ఆ వ్యాసం నువ్వు రాయకు. దానికి కావలసిన సరుకంతా నువ్వే పోగు చెయ్యి, రాసే పని మాత్రం ఆయన్ని ఎరగని మనిషికి వదిలెయ్యి.

నువ్వు అబద్ధాలు రాస్తావని కాదు. మనకి బాగా తెలిసిన మనిషి గురించి రాసేటప్పుడు ఏది ఎక్కడో చదివామో, ఏది అమ్మమ్మ చెప్పగా విన్నామో మనకే తేడా తెలియకుండా పోతుంది. నీ డ్రాఫ్టులోనే చూడు, ఫలానా ఊళ్లో కృష్ణుడి వేషం కట్టినప్పుడు జనం తెల్లారేదాకా వన్స్ మోర్లు కొట్టారని రాశావు. అది జరిగే ఉంటుంది, నేను కాదనను. కానీ చదివేవాడు దాన్ని ఎలా సరిచూసుకుంటాడు? పక్కన మూలం లేదు. మూలం లేదన్న సంగతి నీకు తట్టను కూడా లేదు, ఎందుకంటే చిన్నప్పటి నుంచీ ఆ మాట ఇంట్లో వింటూనే ఉన్నావు కదా. వికీలో ప్రయోజన వైరుధ్యం, అంటే రాసే విషయంతో మనకు సొంత సంబంధం ఉండటం, అని జాగ్రత్త చెప్పేది ఇలాంటి వాటి గురించే. డబ్బు తీసుకుని రాసేవాళ్ల సంగతి అందరికీ తెలుసు, ప్రేమతో రాసేవాళ్లది తొందరగా బయటపడదు. పగతో రాసేదీ ఇందులోకే వస్తుంది. పొలం గట్టు తగాదా ఉన్న దాయాది గురించీ, ఇంటర్నల్స్‌లో మార్కులు కోసిన లెక్చరర్ గురించీ వ్యాసం రాయబోయినా ఇదే మాట చెప్తాను.

నీ మొదటి వాక్యం తీసుకుందాం. "తన గాత్ర మాధుర్యంతో ఆబాలగోపాలాన్ని అలరించి, ఎన్నో బిరుదులతో సత్కరింపబడిన రంగస్థల మకుటంలేని మహారాజు" అని మొదలెట్టావు. ఇది సన్మాన పత్రం భాష. శాలువా కప్పి, ఫ్రేము కట్టిన పత్రాన్ని మైకులో చదివేటప్పుడు వినసొంపుగా ఉంటుంది, అక్కడ దాని పని అదే. వ్యాసంలో అయితే ఆయన పేరు, పద్యనాటక నటుడనే మాట, దాదాపు ఏ సంవత్సరం నుంచి ఏ సంవత్సరం దాకా ఆడాడు, ఏ పాత్రలకు పేరు తెచ్చుకున్నాడు, ఏ నాటక సమాజాల్లో ఉన్నాడు, ఇంతే ఉండాలి, ప్రతిదానికీ మూలం ఉండాలి. అలా రాస్తే నీకు తాతగారిని చిన్నబుచ్చినట్టు అనిపిస్తుంది, నాకు తెలుసు. పరాయివాడికి అలా అనిపించదు, అందుకే వాడు రాయాలి.

దీనికంటే కష్టమైనది గౌరవ డాక్టరేట్ సంగతి. ఆయన పేరు ముందు "డాక్టర్" అని పెట్టావు. ఇచ్చిన సంస్థ పేరు నేను వెతికాను, యూజీసీ (విశ్వవిద్యాలయాల నిధుల సంఘం) గుర్తించిన విశ్వవిద్యాలయాల జాబితాలో ఎక్కడా కనపడలేదు. యూజీసీ చట్టం 1956 ప్రకారం డిగ్రీలిచ్చే హక్కు చట్టం ద్వారా ఏర్పడ్డ విశ్వవిద్యాలయాలకూ, డీమ్డ్ యూనివర్సిటీలకూ, పార్లమెంటు ప్రత్యేకంగా అధికారమిచ్చిన సంస్థలకూ మాత్రమే ఉంది. పెద్దవయసు కళాకారుల్ని పిలిచి, గౌను తొడిగి, ఫొటో తీసి పంపించే సంస్థలు చాలా ఉన్నాయి, ఆ కాగితం అందుకున్న పెద్దాయన తప్పు ఇందులో ఏమీ లేదు. కానీ వ్యాసంలో ఆ "డాక్టర్" ఉండకూడదు. నువ్వు తీసెయ్యగలవా? ఆ ఫొటో హాల్లో గోడ మీద ఉండగా, తాతగారు ఫోన్లో తన వ్యాసం చదివించుకుంటారని తెలిసీ తీసెయ్యగలవా? నిన్ను ఆ ఇరకాటంలో పెట్టడం నాకిష్టం లేదు.

ఇక మూలాల సంగతి. నువ్వు పంపిన వాటిలో పేపర్ కట్టింగులు ఎక్కువ, అది మంచిదే, కానీ వాటిని కాస్త అనుమానంగా చదవాలి. జిల్లా ఎడిషన్‌లో వచ్చిన సన్మాన సభ వార్త చాలావరకు నిర్వాహకులో ఇంట్లోవాళ్లో విలేకరికిచ్చిన ప్రెస్ నోటే. అందులో "ఐదు వేల ప్రదర్శనలిచ్చిన" అని ఉంటే, ఆ ఐదు వేలు ఎవరు లెక్కపెట్టారు? మీ మావయ్య చెప్పిన అంకె పేపర్లోకి వెళ్లి, పేపర్లోంచి వికీలోకి వస్తే అది ఇంటి మాటే అవుతుంది, మూలం కాదు. అభినందన సంచికలో శిష్యులు రాసిన వ్యాసాలదీ అదే దారి. నాటకం కరపత్రాలు మాత్రం జాగ్రత్తగా దాచు, వాటి మీద తేదీ, ఊరు, పాత్రధారుల పేర్లు, హార్మోనిస్టు పేరుతో సహా ఉంటాయి. ఫలానా రోజున ఫలానా వేషం ప్రకటించారని చెప్పడానికి అవి పనికొస్తాయి. బాగా ఆడాడనడానికి పనికిరావు. అసలు బలమైనవి ఏవంటే, మీ కుటుంబంతో సంబంధం లేని వాళ్లు రాసినవి: పత్రికలో నాటక సమీక్ష, తెలుగు నాటకరంగ చరిత్ర మీద వచ్చిన పుస్తకంలో నాలుగు లైన్లు, విశ్వవిద్యాలయంలో ఎవరైనా చేసిన పరిశోధన. అలాంటివి రెండు మూడైనా లేకపోతే, ఎవరు రాసినా ఆ వ్యాసం నిలబడదు, విషయ ప్రాముఖ్యత లేదని తొలగింపు చర్చకు పెడతారు. అప్పుడు ఇంట్లోవాళ్లంతా తలో ఖాతా తెరిచి "ఉంచాలి" అని రాయడం మొదలెడతారు చూడు, దానివల్ల వ్యాసం మీద ఉన్న కాస్త నమ్మకమూ పోతుంది. అన్నయ్య ఫోన్లోంచి ఇంకో ఖాతాతో రాయించే ఆలోచన ఉంటే ఇప్పుడే మానుకో.

2005లో అమెరికాలో జరిగిన సంగతి చెప్తాను. జాన్ సీగెన్‌థాలర్ అనే పెద్ద పాత్రికేయుడి మీద ఇంగ్లీషు వికీపీడియాలో ఎవరో ఒక అబద్ధం రాశారు, కెనెడీ హత్యల్లో ఆయన మీద అనుమానాలుండేవని. దాదాపు నాలుగు నెలలు అది ఎవరి కంటా పడలేదు. పడ్డాక ఆయన సహచరుడొకరు పాపం మంచి చేద్దామనుకుని, ఆయన అధికారిక జీవిత పరిచయాన్ని ఒక సంస్థ వెబ్‌సైటు నుంచి కాపీ చేసి అక్కడ అతికించాడు. మర్నాడే అదీ పోయింది, కాపీరైటు ఉల్లంఘన అని తీసేశారు, వేరే సభ్యుడు సొంత మాటల్లో చిన్న వ్యాసం రాసి పెట్టాడు. అయినవాళ్లు ఆదుర్దాలో చేసే పని సాధారణంగా ఇలాగే ఉంటుంది, బయోడేటా తెచ్చి పెట్టేస్తారు. నీ డ్రాఫ్టులో రెండో పేరా సన్మాన సంచికలోంచి ఎత్తిందేనని నాకు చూడగానే తెలిసింది. వికీపీడియా పెట్టిన జిమ్మీ వేల్స్ కూడా తన మీదున్న వ్యాసాన్ని తానే మార్చుకున్నాడు, లారీ శాంగర్‌ను సహవ్యవస్థాపకుడన్న మాట తీసేశాడు. అదే ఏడాది డిసెంబరులో అది బయటికొచ్చి, అలా చేసి ఉండకూడదని ఒప్పుకోవలసి వచ్చింది.

మరి ఏం చెయ్యాలంటే, ముందు నీ వాడుకరి పేజీలో, అంటే వికీలో నీ ఖాతాకుండే సొంత పేజీలో, సంబంధం చెప్పెయ్యి. "ఈ నటుడి కుటుంబ సభ్యురాలిని, ఆయన వ్యాసంలో నేరుగా మార్పులు చెయ్యను, సమాచారం చర్చ పేజీలో ఇస్తాను" అని రాస్తే చాలు, నీ అసలు పేరూ ఊరూ పెట్టనక్కర్లేదు. తర్వాత రచ్చబండలో, అంటే తెలుగు వికీలో అందరూ మాట్లాడుకునే పేజీలో, ఒక చిన్న అభ్యర్థన పెట్టు, నీ దగ్గరున్న మూలాలేమిటో పత్రిక పేరు, తేదీ, పేజీతో సహా చెప్పు. పొగడకు, బతిమాలకు. ఇంగ్లీషు వికీలో అయితే ఇలాంటి అభ్యర్థనలకు ప్రత్యేకంగా మూస (ముందే తయారుచేసి పెట్టిన నమూనా) ఉంది, వరసలో ఎవరో ఒకరు చూస్తారు. తెలుగులో రోజూ పనిచేసేవాళ్లు కొద్దిమందే, నీ అభ్యర్థనకు వారాల తరబడి జవాబు రాకపోవచ్చు. చాలామంది ఇక్కడే ఓపిక పోయి సొంతంగా రాసేస్తారు. నువ్వు ఆ ఖాళీలో ఇంకేమైనా రాయి, నీకు ఏ బంధుత్వమూ లేని నటుల మీద, మూతపడ్డ నాటక సమాజాల మీద, మీ ఊరి పాత టౌన్‌హాలు మీద. నీ చేతి పని చూసినవాళ్లు నీ మాటకు విలువిస్తారు, తాతగారి మూలాలు తెరిచి చదువుతారు. "మా తాత మీద నువ్వు రాయి, మీ మాస్టారి మీద నేను రాస్తా" అనే బేరం మాత్రం పెట్టుకోకు, మనది చిన్న గూడు, ఇలాంటివి ఇట్టే తెలిసిపోతాయి.

నీ దగ్గరున్న జ్ఞాపకాలు వృథా అని నేననడం లేదు. వాటికి చోటు వేరే ఉంది. తాతగారి చేత మాట్లాడించి రికార్డు చెయ్యి, ఏ పద్యం ఏ రాగంలో ఎత్తుకునేవారు, మేకప్ సామాను ఎక్కడ కొనేవారు, కాంట్రాక్టరు ఎంతిచ్చేవాడు, ఎగ్గొట్టిందెవరు, అన్నీ అడుగు. దాన్ని మనవరాలిగా నీ పేరుతో ఏ పత్రికకైనా రాయి, అక్కడ ప్రేమ ఎంతైనా కురిపించొచ్చు. అది అచ్చయితే వికీలో రాసేవాళ్లు "కుటుంబ సభ్యుల కథనం ప్రకారం" అని చెప్పి అవసరమైనంత వాడుకుంటారు. 2012లో ఫిలిప్ రాత్ అనే అమెరికన్ నవలాకారుడికి ఇలాంటిదే ఎదురైంది. తన నవలకు ప్రేరణ ఎవరో వికీపీడియాలో తప్పుగా ఉందని ఆయనే చెప్పించినా, వేరే మూలం చూపించమన్నారు. ఆయనకు కోపం వచ్చి న్యూయార్కర్‌లో బహిరంగ లేఖ రాశాడు, అది అచ్చయ్యాక వ్యాసంలోకి ఆయన మాట ఎక్కింది. నవల రాసినవాడికే ఆ దారి తప్పలేదు.

ఫొటోల దగ్గర జాగ్రత్త. కృష్ణుడి వేషంలో ఉన్న ఆ స్టూడియో ఫొటో మీ ఆల్బంలో ఉన్నంత మాత్రాన దాని హక్కు మీది అయిపోదు, తీసినవాళ్లదో వాళ్ల వారసులదో అయ్యుండొచ్చు. ఇప్పుడు తాతగారిని అడిగి, నీ ఫోన్‌తో నువ్వే ఒక ఫొటో తీసి కామన్స్‌లో (వికీ వ్యాసాలకు బొమ్మలు దాచే సైటులో) ఎక్కించు, ఇది మాత్రం నిస్సంకోచంగా చెయ్యొచ్చు. ఎక్కించాక దాన్ని ఎవరైనా, వ్యాపారానికైనా సరే, వాడుకోవచ్చని ఆయనకు ముందే చెప్పు. పూర్తి పుట్టినతేదీ, ఇంటి అడ్రసు, పిల్లల పేర్లు, కులం, ఆరోగ్యం, ఇవేవీ ఎవరికీ అందించకు.

డబ్బు మాట కూడా చెప్పేస్తాను. మీ మావయ్యను ఎవరో "పేజీ పెట్టిస్తాం" అని సంప్రదించారన్నావు, వద్దని గట్టిగా చెప్పు. డబ్బు తీసుకుని రాసేవాళ్లు ఎవరి తరఫున రాస్తున్నారో బయటపెట్టాలని 2014 నుంచి వికీపీడియాను నడిపే వికీమీడియా సంస్థ వాడుక నియమాల్లోనే ఉంది, ఈ బేరగాళ్లు అది చెప్పరు. 2015లో ఇంగ్లీషు వికీలో అలాంటి ఒక ముఠాకు చెందిన 381 ఖాతాల్ని నిరోధించారు. వాళ్లు వ్యాసం పెట్టడమే కాకుండా, దాన్ని కాపాడాలంటే మళ్లీ డబ్బు కట్టమని బెదిరించేవాళ్లు కూడా.

ఒకటి మాత్రం ఇంట్లో ఇప్పుడే మాట్లాడి పెట్టుకో. వ్యాసం వచ్చాక అది మీది కాదు. రేపెవరో పాత సమీక్ష ఒకటి తవ్వి, నాటకాలాడిన చివరి రోజుల్లో గొంతు పట్టుతప్పిందని రాస్తారు, నాటక సమాజం చీలిపోయినప్పుడు జరిగిన గొడవ రాస్తారు, మూలంతో సహా. ఇంట్లోవాళ్లు నీకే ఫోన్ చేసి తీసెయ్యమంటారు. నువ్వు తీస్తే ఎవరు తీశారో, ఎప్పుడు తీశారో పాత మార్పులన్నీ చూపే చరిత్ర ట్యాబులో ఉండిపోతుంది, గొడవ ఇంకాస్త పెద్దదవుతుంది. బూతులు, ఫోన్ నంబరు, మూలం లేని నింద, ఇలాంటివైతే వెంటనే తీసెయ్, బతికున్న మనిషి విషయంలో అది ఎవరైనా చెయ్యొచ్చు, కారణం దిద్దుబాటు సారాంశంలో రాయి. మిగతా అభ్యంతరాలన్నీ చర్చ పేజీలో పెట్టు. మీ మావయ్య దీనికి ఒప్పుకోకపోతే, వ్యాసం రావడమే ఇప్పుడు వద్దనుకోవడం మంచిదేమో, నువ్వే ఆలోచించు.

కట్టింగులు మళ్లీ ఫొటోలు తీసి పంపు, ఈసారి పత్రిక పేరు, తేదీ కనపడేలా తియ్యి, సగానికి పైగా వాటిలో పైభాగం కత్తిరించేసి ఉంది. తేదీ లేనివి ఏ నెలవో తాతగారికి గుర్తుంటే వెనకాల పెన్సిల్‌తో రాయించు, లైబ్రరీలో పాత సంపుటాలు వెతికేటప్పుడు ఆ మాత్రం ఆధారం చాలు. నాకూ ఆయనతో పాతికేళ్ల స్నేహం కాబట్టి నేనూ రాయను. రచ్చబండలో అభ్యర్థన మాత్రం ఇద్దరం కలిసి సరిచూద్దాం.

మీ బాబాయి